రాజక్క పేరు మీది వేలు

సాయంత్రం ఐదింటికల్లా రాజక్కను మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నిన్న ఐదింటికి అరెస్టు చూపించారు. చట్టం ఇచ్చిన ఇరవై నాలుగు గంటల్లో ఇరవై అప్పుడే కరిగిపోయాయి. సామేలు స్టేషన్ మెట్లెక్కేసరికి గోడ గడియారంలో ఒంటిగంట పది.

ముప్పై ఒక్క ఏళ్లు హెడ్ కానిస్టేబులుగా ఎక్కి దిగిన మెట్లే. రిటైరై రెండేళ్లయింది. అప్పటినుంచి ఎవరింట్లో చిక్కు పడ్డా పిలుస్తారు, పోయి విప్పి వస్తాడు. ఈ పొద్దు పిలిచింది రాజక్క బిడ్డ వనిత. "మా అవ్వ చీపురు తప్ప ఇంకోటి ముట్టది మామా," అని ఒక్క మాట చెప్పి, ఆ తర్వాత ఏడవకుండా నిలబడింది. ఏడ్చి ఉంటే సామేలుకు కొంచెం తేలికగా ఉండేది.

"ఐదు నిమిషాలు," అంది ఎస్సై శ్రావణి, ఫైలులోంచి తల ఎత్తకుండానే. "పాత మనిషని ఇస్తున్న సామేలన్నా. మీ కాలంల కుక్కను తెప్పిచ్చి వాసన పట్టిచ్చేటోళ్లు. ఇప్పుడు కుక్క అక్కెర్లేదు. మిషనే మొరుగుతది."

"మొరిగింది సరే మేడం. దొంగను చూసి మొరిగిందా, ఇంటోళ్లను చూసి మొరిగిందా, గదే అడుగుదామని అచ్చిన."

శ్రావణి ఒక కాగితం అతని ముందుకు తోసింది. చిన్న వయసు, చురుకైన మనిషి. ఆరు నెలల్లో మూడు కేసులు తేల్చింది. నాలుగోది ఇది కావాలని ఆమెకు గట్టిగా ఉంది.

కేసు క్లుప్తమే. కల్లు గీసే ఇంట పుట్టి, రోడ్డు కాంట్రాక్టుల్లో పైకొచ్చిన ఓదెలుకు జగిత్యాలలో ఒకటి, కోరుట్లలో ఒకటి, సిరిసిల్లలో ఒకటి అపార్టుమెంట్లున్నాయి. మూడింటికీ ఇంటర్నెట్టు, కెమెరాలు, వేలిముద్రతో తెరుచుకునే తాళాలు అన్నీ ఒకే కంపెనీ చూసుకుంటుంది. అద్దెకు దిగినవాళ్లకు నల్లా నీళ్లలాగే వైఫై కూడా బిల్డింగుతోనే వస్తుంది. కోరుట్ల బిల్డింగులో ఆ వైర్లన్నీ చేరే గది నాలుగో అంతస్తులో లిఫ్టు పక్కన ఉంది. ఐదు రోజుల కింద, సోమవారం, ఆ గదిలోనే ఓదెలు తల్లి భూమవ్వ తల పగిలి పడి ఉంది. ప్రాణం ఉంది గాని స్పృహ లేదు, మెడలో బంగారు గుండ్ల దండ లేదు. ముందు చూసి కేక పెట్టింది బిల్డింగు ఊడ్చే రాజక్క.

కాగితంలో మూడు వరుసలకు ఎర్ర గీత పెట్టి ఉంది. పదకొండు ఏడుకు తలుపు తెరుచుకుంది, పేరు రాజక్క. పదకొండు ఇరవై ఒకటికి తలుపు మూయలేదని అలారం. పదకొండు నలభైకి కేక.

"గేటు కెమెరల ఆ పొద్దు బయటోడు ఒక్కడు రాలే," అంది శ్రావణి. "అందరూ రోజు కనబడే మొకాలే. నాలుగో అంతస్తుల కెమెర లేదు. కానీ తలుపుంది, తలుపుకు పేరుంది. ఒక్కరోజు గూడ కాదు, రెండు నెలల్ల నలభై మూడుసార్లు ఆ గది ఈమె పేరు మీద తెరుచుకున్నది. మెట్లు ఊడ్చేదానికి వైర్ల గదిల నలభై మూడుసార్లు ఏం పని?"

"మంచి ప్రశ్న," అన్నాడు సామేలు. నిజంగానే అన్నాడు.

రాజక్క లోపలి గదిలో బెంచీ మీద, చేతులు కొంగు కింద పెట్టుకుని కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి ఒక్క రాత్రిలో డెబ్బై దగ్గరికి పోయింది.

"తిన్నవా రాజక్కా?"

"పెట్టిండ్రు. గొంతుల దిగలే."

"సోమవారం పదకొండింటికి ఏడున్నవ్?"

"రెండో అంతస్తు మెట్లు తుడుస్తున్న."

"చూసినోళ్లున్నరా?"

"మెట్లు తుడిచేటోళ్లను ఎవలు చూస్తరన్నా? తడి మీద అడుగేసుకుంట పోతరు."

"మరి పైకెందుకు పోయినవ్?"

"రోజు పదకొండున్నరకు అవ్వ, నేను చాయ్ తాగుతం. ఆమె కిందికి రాలే. పోయి చూస్తే గా గది తలుపు బార్లా తెరిచి కూకూ అని కూస్తున్నది. అవ్వ కింద పడున్నది." ఆమె కొంగు దగ్గరికి లాక్కుంది. "నెత్తురు ఆపుదామని నా కొంగే పెట్టిన అన్నా. ఆ కొంగు మీది నెత్తురే ఇప్పుడు నా మీదికి అచ్చింది."

"అంతకు ముందు ఆ గదిలకు ఎన్నిసార్లు పోయినవ్?"

"ఎన్నడు పోలే. మిషన్లు పెట్టిన కొత్తల్ల వారానికోసారి ఊడ్వాలె, వేలు పెట్టు అన్నరు. పెట్టిన. అయిపోయిందక్కా పో అన్నడు వైర్ల పిలగాడు. మల్ల ఎవలూ ఊడ్వుమనలే, నేనూ అడుగలే. లేని పనిని ఎవలన్న అడుక్కుంటరా?"

"చేతులు చూపియ్యి."

ఆమె చేతులు చాపింది. ముప్పై ఏళ్లు బీడీలు చేసిన చేతులు. తునికాకు మడిచి మడిచి బొటనవేలి కొసలు గాజుపెంకులా నున్నబడ్డాయి. గీత అన్నది లేదు. సామేలుకు అలాంటి బొటనవేలు ఇంకొకటి తెలుసు. అది కిందటేడు శ్రావణంలో మట్టిలో కలిసింది. రేషన్ దుకాణంలో మిషన్ ముందు ఏడోసారి కూడా ఎర్ర లైటే పడితే, అతని భార్య సుగుణ తన వేలిని తానే తప్పు చేసినదానిలా చూసుకునేది.

"బియ్యం ఎట్ల తెచ్చుకుంటున్నవ్ రాజక్కా?"

"కన్ను పెడుత. వేలు పడదు గదా."

సామేలు లేచి శ్రావణి బల్ల దగ్గరికి వచ్చాడు. మోకాలి నొప్పి గుర్తుకు రాలేదు.

"మేడం, ఈమెను ఒక్కసారి ఆ తలుపు కాడికి తీస్కరావాలె."

"ఎందుకు, హారతి ఇయ్యనీకా?"

"ఈమె వేలికి ముద్ర లేదు. లేని ముద్రతోని తలుపెట్ల తెరుస్తది?"

"కంపెనీ పిలగాడు రాసిచ్చిండు, మిషన్ల ఎక్కిన వేలే తెరుస్తదని. మూడింటికి నాకు డాక్టర్ సర్టిఫికెట్, నాలుగింటికి కోర్టు తొవ్వ. మీ ముచ్చట్లకు టైం లేదు."

"కోర్టు తొవ్వలనే బిల్డింగున్నది. రెండు నిమిషాలు బండి ఆపుండ్రి. తలుపు తెరుచుకున్నదనుకో, మళ్ల ఈ మెట్లెక్క."

శ్రావణి అప్పుడు తల ఎత్తింది. "గా మాట బాగుంది. మీరు మెట్లెక్కకుంటే మాకు సగం పని తగ్గుతది. చూస్త."

రెండింటికి సామేలు కోరుట్ల బిల్డింగు నాలుగో అంతస్తులో ఉన్నాడు. ఓదెలు నడుముకు తాళాల గుత్తి వేలాడుతోంది, నడిస్తే ఎద్దు మెడలో గంటల్లా మోగుతోంది.

"అవ్వకు అట్లయినంక మూడు బిల్డింగుల తాళం చెవులు అందరి కాడ గుంజుకున్న," అన్నాడు ఓదెలు. "మా బామ్మర్ది కాడియి గూడ. ఇప్పుడు వేలున్నోడే లోపలికి, లేనోడు బయటికి. మనిషిని నమ్మితే గింతయింది, ఇగ మిషన్నే నమ్ముత."

"మా బావ నన్ను గూడ నమ్మతలేడు పోలీసు మామా," అని నవ్వాడు ఆ బామ్మర్ది. పేరు ప్రభాకర్. ఓదెలు భార్య తమ్ముడు, మూడు బిల్డింగుల మంచిచెడ్డా చూసేది అతనే. నీళ్ల సీసా తెచ్చి సామేలు చేతికిచ్చాడు. "రెండు కిలోల ఇనుము మోసేది. ఇయ్యాల నడుము తేలికయ్యింది."

"ఈ గది తాళంచెవి ఎవరి కాడ ఉండె?"

"దీనికి చెవే లేదు సార్," అన్నాడు చందు, కంపెనీ టెక్నీషియన్. ఇరవై ఐదేళ్లుంటాయి, ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డాడు. "మా మిషన్లుంటయ్ గదా, కంపెనీ షరతు. ఓనరు, వాచ్‌మెన్, ఊడ్చే మనిషి, నేను. గీ నలుగురి వేళ్లకే తెరుచుకుంటది. భూమవ్వకు ఒక కార్డిచ్చినం."

"ఆ పొద్దు కార్డు వాడిందా?"

"లేదు సార్."

అంటే ఎవరో ముందు తెరిచారు. తెరిచి ఉన్న తలుపులోంచి ముసలామె వెనకే వచ్చింది. పదకొండు ఏడు తర్వాత, ఇరవై ఒకటికి ముందు. పద్నాలుగు నిమిషాలు.

చందు వేలు పెట్టాడు, తలుపు తెరుచుకుంది. మంచం పట్టేంత గది. ఇనుప చట్రంలో డబ్బాలు, వాటిలో మిణుకుమనే పచ్చ లైట్లు. నేల మీద సుద్ద గీత, అందులో నల్లబడ్డ మరక. సామేలు మరకను ఒక్కసారే చూశాడు. తర్వాత గోడకు చెంప ఆనించి చట్రం వెనక్కి టార్చి కొట్టాడు.

దుమ్ము మీద దుమ్ము పేరుకున్న గోడలో, జానెడు పొడవున ఒక చోట సున్నం తెల్లగా మెరుస్తోంది. నాలుగు మూలలా నాలుగు మరల రంధ్రాలు. కింద రాలిన సున్నపు పొడిని ఇంకా ఎవరి కాలూ తొక్కలేదు. పక్కనే ఒక వైరు, కత్తిరించిన చోట రాగి ఇంకా ఎర్రగానే ఉంది.

"ఈడేముండె చందూ?"

చందు వంగి చూశాడు. మొహంలో రంగు మారింది. "మాది కాదు సార్. ఈ గోడకు మేం ఏం పెట్టలే."

సామేలు మోకాళ్ల మీద కూర్చుని సందులోకి చెయ్యి పోనిచ్చాడు. చేతికి తగిలినవాటిని అరచేతిలో పరిచాడు. చిన్న చిన్న ప్లాస్టిక్ చట్రాలు, మధ్యలో గోరంత కన్నం. సిమ్ము విరుచుకున్నాక మిగిలే ముక్కలు. లెక్కపెట్టాడు. పదకొండు.

"ఒక్క గదిల పదకొండు సిమ్ములెందుకు?"

చందు గొంతు తగ్గించాడు. "ఒక డబ్బా ఉంటది సార్. ముప్పైరెండు సిమ్ములు పడతయ్. విదేశాల నుంచి ఇంటర్నెట్ మీద అచ్చే కాల్‌ను మనూరి నంబరు లెక్క చూపిస్తది. మీ పిలగాడు అరెస్టయిండు, పైసలు పంపుండ్రి అని ఫోన్లస్తలేవా? గా దొంగ ఫోన్లకు. ఎవలో మా లైను మీద కూసోబెట్టిన్రు."

"అంటే ముసలమ్మ చూసింది దండ దొంగను కాదు," అన్నాడు సామేలు నెమ్మదిగా. "ఆ డబ్బాను చూసింది. దండ తీసింది మనల్ని తప్పుదోవ పట్టిచ్చేటందుకు."

గుమ్మంలో నిలబడ్డ ప్రభాకర్ నాలుక చప్పరించాడు. "ఎంత పాపపు మనుషులున్నరు మామా."

అప్పుడే ఓదెలు ఫోన్ మోగింది. రెండు ఇరవై. సిరిసిల్ల నుంచి అతని అక్క సరోజన. ఆసుపత్రి నుంచి తెచ్చాక భూమవ్వను సిరిసిల్ల బిల్డింగులో ఆమె ఫ్లాటులోనే ఉంచారు. ఐదు రోజులుగా కళ్లు తెరవడమే తప్ప నోట మాట లేదు.

ఓదెలు వింటూ వింటూ గోడకు ఆనుకున్నాడు. "నోరిప్పింది మామా," అన్నాడు సామేలుతో. "నీళ్లడిగిందట. రాజక్క ఏదని అడిగిందట. మల్ల నిద్రపోయింది. లేచినంక ఇంకా మాట్లాడుతది అన్నదట డాక్టరమ్మ."

"దేవుడున్నడు బావా," అన్నాడు ప్రభాకర్. ఓదెలు భుజం పట్టుకుని ఒత్తాడు. కాసేపాగి గడియారం చూసుకున్నాడు. "జగిత్యాల లిఫ్టుకు మెకానిక్ అచ్చి కూసున్నడట. పోయి పొద్దూకెవరకు వస్త."

మెట్ల మీద అతని అడుగులు దిగిపోయాయి. రెండు ఇరవై ఐదు.

సామేలు ఆ తర్వాతి గంటంతా మెట్ల మీద కూర్చుని, చందు ఇచ్చిన జాబితాలో నలభై మూడు తేదీలకూ పక్కన వారాలు రాసుకున్నాడు. తొమ్మిది ఆదివారాలు తేలాయి. తొమ్మిదీ పొద్దున పది, పదకొండు మధ్య. ఆదివారం ఆ వేళకు రాజక్క ఎక్కడుంటుందో సామేలు ఎవరినీ అడగనక్కర్లేదు. చర్చిలో ఆడవాళ్ల వైపు మూడో వరుసలో, కిటికీ పక్కన ఉంటుంది. సుగుణ పక్కనే కూర్చునేది.

మూడు నలభై ఐదుకు జీపు ఆగింది. ముందు శ్రావణి, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య రాజక్క. నాలుగు అంతస్తులు ఎక్కేసరికి రాజక్కకు ఆయాసం వచ్చింది. తను రోజూ తుడిచే మెట్ల మీద చెప్పులు లేకుండా, ఎవరి మొహమూ చూడకుండా ఎక్కింది.

"తొమ్మిది ఆదివారాలు మేడం," అని కాగితం చూపించాడు సామేలు. "తొమ్మిదిసార్లు ఈమె చర్చిల ఉన్నది."

"చర్చిల సగం మంది నిద్రపోతరు. వాళ్లను సాక్షులుగ తెస్తరా?" శ్రావణి తలుపు వైపు చెయ్యి చూపింది. "పెట్టమనుండ్రి వేలు. రెండు నిమిషాలు."

రాజక్క బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎర్ర లైటు. కానిస్టేబుల్ ఆమె వేలు పట్టి అదిమాడు. ఎడమది, కుడిది, చూపుడువేలు, అన్నీ అయ్యాయి. పన్నెండోసారికి శ్రావణి తానే వంగి ఆ వేలిని వెలుతురులో తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత తిరిగింది. "చందూ. ఎక్కిన వేలే తెరుస్తదని రాసిచ్చినవ్. ఇది ఎక్కిందా?"

చందు ల్యాప్‌టాప్‌ను గట్టిగా పట్టుకున్నాడు. "ఎక్కింది మేడం."

"అబద్ధం ఇంకోసారి చెప్పు, ఈమె ప్లేసుల నువ్వు కూసుంటవ్."

"ఎక్కలే మేడం." మాట ఒక్కసారిగా బయటపడింది. "తొమ్మిదిసార్లు పెట్టిచ్చిన. ఆ రోజు మూడు బిల్డింగులయి పేర్లన్నీ ఎక్కియ్యాలె. ఒక్క పేరు ఎర్రగున్నా ఆఫీసుల పని అయినట్టు రాసుకోరు. అడ్జస్ట్ చేసిన. అందరూ చేసేదే."

"అడ్జస్ట్ అంటే?"

"పక్కనున్నోళ్లను ఎవలన్న ఒక వేలియ్యుండ్రి అన్న. నేను స్క్రీన్ చూస్తున్న. ఒక చెయ్యి అచ్చింది, పచ్చ లైటు పడ్డది. రాజక్క పేరు పచ్చగయింది."

"ఎవరి చెయ్యి?"

"చూడలే మేడం. ఒట్టు."

"భూమవ్వకు కార్డిచ్చినవ్ గదా, ఈమెకెందుకియ్యలే?" అన్నాడు సామేలు. ఇద్దరూ ఒకే చాట ముందు కూర్చుని బీడీలు చేసినవాళ్లని అతనికి తెలుసు. ఒకామె కొడుకు బిల్డింగులు కట్టాడు, అంతే తేడా.

"ఆమె ఓనరు తల్లి గదా సార్," అన్నాడు చందు. అదొక జవాబని అతను నిజంగానే అనుకున్నాడు.

"నాదే కావచ్చు సారూ," అన్నాడు వాచ్‌మెన్ బుచ్చన్న మెట్ల మీంచి. అరవై దాటిన మనిషి, తప్పించుకోవడం రాదు. "ఎవలన్న అడిగితే నేను కాదన. వేలే గదా, పైసలా?"

పెట్టించారు. పచ్చ లైటు పడింది, తెర మీద 'బుచ్చన్న' అని వచ్చింది. ఓదెలు పెట్టాడు. 'ఓదెలు'. చందు పెట్టాడు. 'చందు'.

"ఒకే వేలు రెండు పేర్లకు పెట్టొచ్చా?" అడిగాడు సామేలు.

"రాదు సార్. ముందే ఎక్కిన వేలును మిషన్ మళ్ల తీసుకోదు."

సామేలు ఓదెలు వైపు తిరిగాడు. "అంటే అప్పటికి ఏ పేరు మీద లేని వేలు కావాలె. ఓదెలూ, ఆ పొద్దు ఈడ ఎవరెవరున్నరు?"

ఓదెలు వేళ్లు మడిచాడు. "నేను. అవ్వ. రాజక్క. గీ బుచ్చన్న. పిలగాడు. ఇగ మా బామ్మర్ది."

"ప్రభాకర్ వేలు ఏ పేరు మీదున్నది?"

"వానికెందుకు వేలు? మూడు బిల్డింగుల చెవులు వాని నడుముకే…" ఓదెలు చెయ్యి తన నడుముకున్న గుత్తి మీద పడింది.

గేటు కెమెరాలో ప్రభాకర్ రోజూ వస్తాడు, రోజూ పోతాడు. ఎవరూ లెక్కపెట్టని మొహం.

"ఏడి అతను?" అంది శ్రావణి.

"జగిత్యాల పోయిండు. లిఫ్టు మెకానిక్ అచ్చిండని…" ఓదెలు ఫోన్ తీసి జగిత్యాల వాచ్‌మెన్‌కు చేశాడు. మూడు మాటలు విన్నాడు. "మెకానిక్ రాలేదట. వాడు గూడ రాలేదట."

చందు ల్యాప్‌టాప్ టక్కున శబ్దం చేసింది. చందు తెర చూశాడు, మళ్లీ రాజక్క వైపు చూశాడు. ల్యాప్‌టాప్‌ను అందరికీ కనపడేలా తిప్పాడు.

జాబితాలో పైన కొత్త వరుస. సిరిసిల్ల. కింది గేటు. నాలుగు గంటల రెండు నిమిషాలు. తలుపు తెరుచుకుంది. పేరు: రాజక్క.

రాజక్క వాళ్ల ముందే, ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నిలబడి ఉంది.

"సిరిసిల్ల గేటుకు ఈమె పేరెందుకున్నది?" శ్రావణి గొంతు మారింది.

"ఊడ్చేటోళ్లందరిది ఒక్కటే లిస్టు మేడం. మూడు బిల్డింగులకు, అన్ని తలుపులకు. విడివిడిగ చేస్తే పని ఎక్కువైతదని…"

"ఓదెలూ, మీ అక్కకు కొట్టు," అన్నాడు సామేలు. "తలుపు గడియ పెట్టుమను."

సరోజన రెండో రింగుకు ఎత్తింది. వెనక బండ్ల హారన్లు. "మెడికల్ షాపు కాడున్న తమ్మీ. ప్రభాకర్ ఫోన్ చేసిండు గదా, అవ్వ చీటీల ఒక గోలి మరిచిపోయినమట, లేకుంటే కష్టమని. అవ్వ నిద్రల ఉన్నది. తలుపు దగ్గరికేసి అచ్చిన, దానంతటదే పడుతది గదా."

శ్రావణి అప్పటికే ఇంకో చెవికి ఫోన్ పెట్టి సిరిసిల్ల కంట్రోల్ రూముకు బిల్డింగు పేరు, ఫ్లాటు నంబరు చెబుతోంది. "మూడొందల ఒకటి. ముసలామె ఒక్కతే ఉన్నది. ఎంత సేపైతది? పది నిమిషాలా? ఐదు చెయ్యండ్రి."

"చందూ, ఆ వేలు తీసెయ్," అన్నాడు సామేలు.

"లిస్టు ముట్టద్దని మేడమే రాసిచ్చిండ్రు సార్. సాక్ష్యమని."

సామేలు శ్రావణిని చూశాడు. ఆ వరుస చెరిగితే, కోర్టులో ఆమె కేసుకు మిగిలేది ఏమీ ఉండదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆమె ఫోన్ మీంచి చెయ్యి తీయకుండానే అంది, "నేనే చెప్తున్న. తీసెయ్."

చందు వేళ్లు మీటల మీద పరిగెత్తాయి. నాలుగు ఐదు. రాజక్క పేరు జాబితాలోంచి మాయమైంది.

నాలుగు ఆరు. కొత్త వరుస, ఎర్ర అక్షరాల్లో. సిరిసిల్ల. ఫ్లాటు మూడొందల ఒకటి. గుర్తుపట్టలేదు.

అందరూ తెర మీదికి వంగారు. మళ్లీ ఇంకో వరుస. గుర్తుపట్టలేదు. మళ్లీ. గుర్తుపట్టలేదు. అరవై కిలోమీటర్ల అవతల ఒక మనిషి తలుపు ముందు నిలబడి, బొటనవేలు అంగీకి తుడుచుకుని మళ్లీ పెట్టడం సామేలుకు కళ్లకు కట్టింది. నాలుగు, ఐదు, ఆరు. తర్వాత ఆగిపోయాయి.

"పోయిండు," అన్నాడు బుచ్చన్న.

"పోడు," అన్నాడు సామేలు. "ఆమె నిద్ర లేస్తే వాడు జైలుకే. ఇంత దూరం అచ్చినోడు ఊకనే మర్లిపోడు."

నాలుగు తొమ్మిదికి తెర మీద సిరిసిల్ల వరుసలన్నీ ఒక్కసారిగా బూడిద రంగుకు తిరిగాయి. గేటు, మెట్లు, కెమెరాలు, ఫ్లాట్లు అన్నీ. చందు ఏదో నొక్కాడు. ఇంకేదో నొక్కాడు. చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"లైను కాదు మేడం. కరెంటు తీసేసిండు. కింద మెయిన్ స్విచ్చు ఏడున్నదో ఆయనకు తెలుసు గదా."

"కరెంటు లేకుంటే తలుపు?" అంది శ్రావణి.

"అయస్కాంతం తాళం మేడం. కరెంటున్నంత సేపే పట్టుకుంటది. అగ్గి పుడితే లోపలోళ్లు చిక్కుకుంటరని గట్లనే పెడుతరు." చందు ల్యాప్‌టాప్ మూసేశాడు. "కరెంటు పోతే తెరుచుకుంటది."

ఓదెలు మెట్ల వైపు పరిగెత్తబోయి ఆగాడు. పరిగెత్తి ఎక్కడికి పోవాలో అతనికే తెలియలేదు. సరోజన ఫోన్లో రొప్పుతోంది, ఆటో దొరకలేదని, ఉరుకుతున్నానని.

ఆ రొప్పు మధ్యలో ఇంకో ఫోన్ మోగింది. అందరూ తమ జేబులు తడుముకున్నారు. మోగుతున్నది కానిస్టేబుల్ చేతిలోని ప్లాస్టిక్ కవరులో, నిన్న రాజక్క దగ్గర తీసుకున్న పాత ఫోన్. ఇంకా సీలు వేయలేదు. రాజక్క కవరులోంచే తెర చూసి గుర్తుపట్టింది.

"అవ్వ," అంది.

శ్రావణి కవరు చింపి, ఫోన్ ఎత్తి, స్పీకరు పెట్టి రాజక్క నోటి దగ్గరికి తెచ్చింది. ముందు ఊపిరి చప్పుడు వినిపించింది. తర్వాత ఐదు రోజులుగా ఎవరూ వినని గొంతు, నిద్రలోంచి లేచిన గొంతు.

"రాజీ, ఏడున్నవే. కరెంటు పోయింది. తలుపు దానంతటదే తెరుచుకున్నది."

"అవ్వా," అంది రాజక్క. "మంచం దిగుతవా? తలుపు గడియ…"

"బయట ఎవలో చెప్పులు ఇడుస్తున్నరు," అంది భూమవ్వ. "నువ్వేనానే?"